యాభై మైక్రాన్ల కుంట

నిండిన కుంటను ఒక్క పూటలో, ఒక్క కాలితో ఖాళీ చేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? లేదంటే ఇది చదవండి, చూసినట్టే. నవ్వొస్తే మొహమాటపడకండి. మా ఊరు ఊరంతా ఎప్పుడో నవ్వేసింది, ఇక మిగిలింది మీరే.

అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. ఆత్మకూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ఉదయగిరి పోయే దారిలో ఉంది మా అత్తగారి ఊరు. ఊరి పక్కనే మా అత్త తన చేత్తో పెంచుకున్న నిమ్మతోట. ఆ చెట్లంటే ఆమెకు ఎంత ప్రాణమంటే, పొద్దున్నే లేచి ముందు వాటిని పలకరించేది, ఆ తర్వాతే మా ఆయన్ని.

ఆ ఎండాకాలం బోరు మొండికేసింది. ఓ గంట పోసి, మిగతా రోజంతా దగ్గేది. చెట్ల నిండా పిందె. నీళ్ళందకపోతే పిందెంతా రాలిపోతుందని మా అత్తకు నిద్ర పట్టేది కాదు. చివరికి ఇంట్లోవాళ్ళంతా కలిసి ఒక ఉపాయం ఆలోచించారు. కుంట తవ్వి, అడుగున ప్లాస్టిక్ షీటు పరిచి, బోరు పోసిన కాసిని నీళ్ళనూ అందులో నిలవబెట్టి, నిండాక తోటకు ఒకేసారి తడి పెట్టాలి. మంచి ఉపాయమే. నా చేతికి రానంతవరకు.

షీటు సంగతి నాకు వదిలేయమన్నాను. లెక్కల టీచరు ఇంట్లో ఉండగా ఇంకొకరెందుకు? ఆత్మకూరులో షీట్లమ్మే షాపాయనకు ఫోన్ చేశాను.

"కుంటకైతే అయిదొందల మైక్రాన్ల షీటు ఏస్తారు మేడం. అదే పంపించేదా?" అన్నాడాయన.

మైక్రాన్లు! ఇక్కడ నా చదువు ఒళ్ళు విరుచుకుంది. కిలోమీటరు నుంచి మిల్లీమీటరు దాకా మెట్లన్నీ నాకు కంఠతా వచ్చు. మిల్లీ కింద ఏముందో మాత్రం ఏనాడూ దిగి చూడలేదు. అయినా భయమెందుకు? మీటరుకు సెంటీమీటర్లు వంద కాబట్టి, మిల్లీమీటరుకు మైక్రాన్లూ వందే అయివుంటాయని అక్కడికక్కడే తీర్మానించేశాను. పుస్తకం తెరవలేదు. చేతిలో ఉన్న ఫోన్‌నైనా అడగలేదు. తెలిసిన విషయాన్ని ఎవరైనా వెతుక్కుంటారా?

"అయిదొందల మైక్రాన్లంటే అయిదు మిల్లీమీటర్లండీ! చెప్పు అట్టంత మందం. మేము కుంటలో నీళ్ళు పోసుకోవాలా, కుంటకు చెప్పులు కుట్టించాలా?"

"అంత ఉండదు మేడం..."

"అర మిల్లీమీటరు చాలు. అంటే యాభై మైక్రాన్లు. యాభై పంపించండి."

"యాభై అంటే కలుపు రాకుండా మొక్కల కింద పరుస్తారే, అది మేడం. నీళ్ళకు..."

"చూడండి, నేను స్కూల్లో లెక్కలు చెప్తాను."

మా వైపు టీచరు మాటకు ఎదురు చెప్పేవాళ్ళు తక్కువ. ఆ గౌరవమే నా కొంప ముంచింది.

"మీరు టీచరు గదా మేడం, మీకు తెలీకుండా ఉంటదా! పంపిస్తాను," అన్నాడు.

కుంట షీటు అంటే ట్రాక్టరు మీద వస్తుందని మా ఆయన ముగ్గురు కూలీలను పిలిపించుకుని రోడ్డు మీద నిలబడ్డాడు. అది షేర్ ఆటోలో వచ్చింది. అనంతసాగరం పోయే ఒకావిడ ఒళ్ళో సగం, డ్రైవరు పక్కన సగం కూర్చుని వచ్చింది. మా అత్త దాన్ని రెండు వేళ్ళతో నలిపి చూసింది.

"ఏందమ్మాయ్ ఇది? నా చీర కొంగు ఇంతకన్నా మందంగా ఉండాది."

"ఇప్పుడన్నీ ఇట్నే వస్తా ఉండాయత్తా. పల్చగా ఉంటేనే క్వాలిటీ."

"నీళ్ళు ఆగతాయా?"

"లెక్క కట్టినాను అత్తా!"

పరిచేటప్పుడు గాలి కొట్టింది. షీటు మొత్తం లేచి, నలుగురు మనుషుల్ని నాలుగు మూలలకూ లాగింది. మా ఆయన ఒక మూల పట్టుకుని వేలాడుతూ, "ఏంది టీచరమ్మా, దీన్ని కుంటలో పరచాలా, ఎగరేయాలా?" అని అరిచాడు. ఆ మాటకు నేను వారం రోజులు అలిగాను. అలగడానికి అప్పట్లో నాకు బోలెడు ఓపిక ఉండేది.

చెట్లకు రెండు తడులు ఆపి మరీ బోరు నీళ్ళన్నీ కుంటకు మళ్ళించాం. మెల్లగా నిండింది. నిండిన రోజు గంగమ్మకు టెంకాయ కొట్టి, పసుపు కుంకుమ వదలాలని మా అత్త ఏర్పాటు చేసింది. కింది పొలం పెంచలయ్య మామ కూడా వచ్చాడు. పాపం ఆయన బావి ఎండి రెండేళ్ళయింది. గట్టు మీద నిలబడి నీళ్ళ వంక ఆశగా చూశాడు.

"వదినా, ఈ కవరు తట్టుకుంటదా?" అన్నాడు మా అత్తతో.

కవరు! నాకు ఒళ్ళు మండిపోయింది. పసుపు కుంకుమ పళ్ళెం అందుకుని కుంట ఏటవాలు మీదికి దిగాను. "చూడు మామా, ఎంత గట్టిగా ఉండాదో!" అని కుడికాలు ఎత్తి ధన్‌మని తొక్కాను.

తడి ప్లాస్టిక్ మీద నిలబడటం కష్టమని ఆ క్షణంలో తెలిసింది. కాలు జారింది. కొత్త పెళ్ళికూతురి వెండి మెట్టె షీటులోకి దిగబడింది. నేను కూర్చున్నపళంగా జారుతుంటే, నాతోపాటు షీటు కూడా అంచు నుంచి అడుగు దాకా చర్రున చిరుగుతూ వచ్చింది. పళ్ళెంతో సహా నీళ్ళలో కూలబడ్డాను. గంగమ్మకు పసుపు కుంకుమతోపాటు కోడల్ని కూడా సమర్పించినట్టయింది.

నడుము దాకా నీళ్ళలో లేచి నిలబడ్డాను. "ఏం కాలేదులే అత్తా," అన్నాను.

"నీళ్ళు దిగతా ఉండాయే!" అని కేకేసింది అత్త.

నిజమే. నడుము దాకా ఉన్న నీళ్ళు నేను చూస్తుండగానే మోకాళ్ళకు వచ్చాయి. మాది గరుసు నేల, ఎన్ని పోసినా తాగేస్తుంది. మా ఆయన తలపాగా ఊడదీసి చిరుగులో కుక్కాడు. తలపాగా కూడా లోపలికి పోయింది. సాయంత్రానికి కుంట అడుగున బురదా, నా పళ్ళెమూ మిగిలాయి. అత్త తోటలోకి పోయి రాలిన పిందె ఒక్కొక్కటీ ఏరి కొంగులో వేసుకుంది. అది చూసి నాకు ఏడుపొచ్చింది, నిజంగానే ఏడ్చాను.

తడి చీరతోనే షాపాయనకు ఫోన్ చేశాను.

"మిల్లీమీటరుకు మైక్రాన్లు ఎన్నండీ?"

"వెయ్యి మేడం," అన్నాడు నెమ్మదిగా. "అయిదొందలంటేనే అర మిల్లీమీటరు. మీరు తెప్పించుకునింది అందులో పదో వంతు."

అంటే నేను కుంటకు కూరగాయల కవరు తొడిగానన్నమాట.

మర్నాడు పొద్దున్నే పెంచలయ్య మామ పరిగెత్తుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"వదినా! మా బావిలోకి గంగమ్మ వచ్చినాది! రెండు నిలువుల నీళ్ళు ఊరినాయి!"

"గంగమ్మ కాదు పెంచలయ్యా, అయి మా నీళ్ళు," అంది అత్త.

"వాటి మీద మీ పేరు రాసుండాదా?"

"పసుపు కలిసుంటది చూసుకో పో!"

ఇద్దరూ వాదించుకుంటూ బావి దగ్గరికి పోయారు. వెనకాలే నేను, తల వంచుకుని. బావిలో నీళ్ళు తళతళా మెరుస్తున్నాయి. అత్త చాలాసేపు చూసింది.

"సరేలే వదినా," అన్నాడు పెంచలయ్య మామ చివరికి. "మోటారు దించుకోండి. ముందు మీ చెట్లు తాగినాకే నా చేను."

ఆ రోజే పైపులు వేశాం. తోటకు తడి అందింది, పిందె నిలబడింది. అత్త అన్నం తిన్నది. నాకూ పెట్టింది.

తర్వాత అయిదొందల మైక్రాన్ల షీటు ట్రాక్టరు మీద వచ్చింది. దించడానికి ఆరుగురు మనుషులు కావాల్సి వచ్చింది. పెంచలయ్య మామ దాన్ని తట్టి చూసి నిట్టూర్చాడు.

"ఇంత మందం ఎందుకు వదినా? ఈసారి కూడా లెక్క కోడల్నే కట్టమంటే పోలా? మా బావి మళ్ళా ఎండేదానికి వచ్చినాది."

కాబట్టి మీ అందరి సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఇకమీదట మిల్లీమీటరు కంటే కిందికి ఏ లెక్క దిగాల్సి వచ్చినా, ముందు మా అత్తకు చెప్పి గానీ దిగను. మైక్రానంటే ఏంటో ఆమెకు తెలియదు. కానీ నాకూ తెలియదన్న సంగతి ఆమెకు బాగా తెలుసు.