కొర్రమట్ట కాపలా

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడ్డప్పుడు నేను చదువు వదిలేసి చెరువులో దిగాను. కేసముద్రం పక్కన మా ఊరి చెరువు అది. నాలుగేళ్లు తిరిగేసరికి గాలం వేయడంలో నన్ను మించినవాడు లేడని పేరొచ్చింది. పేరొచ్చి ఏం లాభం? అప్పటికే దోమతెరలంత సన్న వలలతో అందరం కలిసి చెరువును ఊడ్చిపెట్టాం. పొద్దంతా కూర్చుంటే వేలెడు పరక చేపలు దొరికేవి.

చేపల సంఘానికి పెద్ద మా బాపే. రెండేళ్లదాకా సన్న వల దించొద్దని, పిల్లలతో ఉన్న కొర్రమట్ట చేప జోలికి అసలే పోవద్దని కట్టుబాటు పెట్టాడు. కొర్రమట్ట పిల్లలు ఎర్రగా గుంపు కట్టి నీటిపైన తిరుగుతాయి. తల్లి కిందే కాపలా ఉంటుంది. గుంపులో గాలం ఆడిస్తే, పిల్లల మీదికి ఏదో వచ్చిందని కోపంతో వచ్చి కరుస్తుంది. నాకు పేరొచ్చింది ఆ పనితోనే.

"తప్పినోని ఇంటి వల ఏడాది దాక నీళ్లల్ల పడద్దు" అన్నాడు బాపు. అందరూ సరేనన్నారు.

ఆ వానాకాలం అక్క పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది గానీ అక్కకు పాలు పడలేదు. పసిదానికి ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. కొర్రమట్ట పులుసు తాగితే పాలు పడతాయని మావాళ్ల నమ్మకం. కేసముద్రం అంగడంతా తిరిగాను, ఎండు చేపలు తప్ప ఏమీ లేవు.

"సంఘం పెద్ద ఇంట్ల బాలింతకు ఒక్క చేపకు దిక్కు లేదా?" అని, కన్న కూతురి గోస చూడలేక అవ్వ బాపు మీద విరుచుకుపడింది.

"ఇయ్యాల మనింటికి ఒకటి తెస్తే, రేపు ఊరంత బాలింతలే అయితరు" అన్నాడు బాపు.

నాకు ఒళ్లు మండింది. ఈ మనిషికి మనవరాలి ఏడుపు వినబడదా! మిట్టమధ్యాహ్నం తూము పక్కకు పోయి, ఎర్ర గుంపులో గాలానికి గుచ్చిన కప్పపిల్లను ఆడించాను. రెండోసారికే తల్లి కరిచింది. అవ్వ అప్పటికప్పుడే కోసి పులుసు వండింది.

బాపు గడప దాటకముందే వాసన పట్టాడు. నన్ను తిట్టలేదు, తిట్టినా బాగుండేది. తూము దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టాడు. కాపలా లేని ఆ పిల్లలను కొంగలు ఏరుకు తింటున్నాయి. సగం కూడా మిగల్లేదు.

"సూడు" అన్నాడు, అంతే.

ఆ సాయంత్రమే సంఘంలో నిలబడి "మా ఇంట్ల తప్పయింది" అని తనే చెప్పాడు. "బాలింత కోసమే గదనే, పోనియ్యి" అన్నారు అందరూ. వినలేదు. మా వల మడిచి అటక మీద పెట్టాడు.

అక్కకు పాలు పడ్డాయి. పులుసుతోనో, వాటంతటవేనో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఏడాదంతా బాపూ నేనూ కేసముద్రం మార్కెట్లో వడ్ల బస్తాలు మోశాం. "నువ్వొద్దు బాపూ, నేను మోస్తగా" అని ఎంత బతిమాలినా ఆగలేదు. నా నడుము తట్టుకుంది. ఆయనది తట్టుకోలేదు.

మూడో ఏడు చెరువులో ఎర్ర గుంపులు ఎక్కడ చూసినా కనబడ్డాయి. చూపిద్దామని బాపును చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. నాలుగడుగులు వేసి, కట్ట ఎక్కలేక కిందే కూలబడ్డాడు.

"నువ్వు సూసినవు గదరా, సాలు" అన్నాడు.