బోణీ కాని గంపలు, తెగని టికెట్లు

2005 నాటికి నేను గద్వాలలో ఒక దినపత్రికకు వార్తలు పంపుతూ ఉండేవాణ్ని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అన్నీ అప్పుడు పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. బస్టాండు ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ ఫ్యాక్స్ యంత్రమే మా ఆఫీసు. కాగితం మధ్యలో ఇరుక్కుంటే బూత్ యజమాని దాన్ని బతిమాలినట్టు లాగేవాడు. అప్పటిదాకా బయటికి వచ్చినంతే ఆ రోజు వార్త.

ఆ రోజుల్లో మాకు రైల్వే వార్త అంటే ఎక్కువగా స్టాపేజీ వార్తే. ఫలానా బండిని ఫలానా స్టేషన్‌లో ఆపాలని వినతిపత్రం ఇస్తారు, ఫొటో దిగుతారు, మేం రాస్తాం. నాగర్‌కర్నూలు మిత్రుడొకడు నవ్వేవాడు: “మాకు పట్టాలే లెవ్వు. మీకు వచ్చిన బండి ఆగుతలేదని రంధి!”

గద్వాల, వనపర్తి రోడ్డు స్టేషన్ల నడుమ ఉన్న ఒక చిన్న స్టేషన్‌కు ఆ ఏడాది వేసవిలో అలాంటి భాగ్యమే కలిగింది. పొద్దున హైదరాబాదు వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్‌ను అక్కడ ఒక్క నిమిషం ఆపుతామన్నారు. కాకపోతే అది ఆరు నెలల ‘ఎక్స్‌పెరిమెంటల్ స్టాపేజీ’, అంటే ప్రయోగం మాత్రమే. బండి ఆగడం ఉచితమని మనం అనుకుంటాం గానీ రైల్వే వాళ్ల దృష్టిలో దానికో ధర ఉంది. ఆగిన బండి మళ్లీ వేగం అందుకోవడానికి అదనంగా డీజిల్ కాలుతుంది, బ్రేకులు అరుగుతాయి, వెనక వచ్చే బండ్ల వేళలు జరుగుతాయి. ఆ ఖర్చును ఆ స్టేషన్‌లో ఆ బండికి తెగిన టికెట్లే భరించాలి. భరించకపోతే గడువు తీరగానే స్టాపేజీ రద్దు.

అక్కడ రైల్వే సిబ్బంది లేరు. టికెట్లు అమ్మేది ఖాజా అనే హాల్ట్ ఏజెంటు. గద్వాల స్టేషన్ నుంచి టికెట్లు తెచ్చుకుని, అమ్మినదాని మీద కమీషన్ తీసుకునే మనిషి. గడువు దగ్గర పడుతున్న రోజుల్లో ఒకనాడు గద్వాలలో కనిపించి నన్ను ఆపాడు.

“అన్నా, మా స్టాపు పోయేటట్టున్నది. కమర్షియల్ ఇన్‌స్పెక్టర్ వస్తుండంట, టికెట్ల లెక్క చూసి రిపోర్ట్ రాస్తడంట.”

“జనం ఎక్కుతలేరా?”

“అదే పరేషాన్ అన్నా. ప్లాట్‌ఫారం నిండ జనమే. నా కిటికీ కాడికి మాత్రం ఈగ సుత రాదు.”

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. అతను చెప్పింది నిజమే. సీతాఫలాల కాలం అప్పుడే మొదలైంది. చుట్టుపక్కల తండాల నుంచి, అమరచింత వైపు నుంచి కూడా ఆడవాళ్లు గంపలతో వచ్చి ప్లాట్‌ఫారం పొడవునా కూర్చున్నారు. గుట్టల్లో తెంపిన కాయలు, కన్నిచ్చినవి, అంటే పైగళ్ల మధ్య గీతలు విచ్చుకుని పక్వానికి వచ్చినవి, ఆకులు కప్పి, బట్ట కట్టి. ఖాజా కిటికీ తెరిచి చేతులు కట్టుకుని చూస్తున్నాడు. బండి వచ్చింది. గంపలు, మనుషులు ఎలా ఎక్కారో తెలియదు గానీ నిమిషంలో ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. నేనూ ఎక్కాను.

బండి కదిలిందో లేదో గంపల మీది బట్టలు విప్పారు. వాళ్లలో పెద్దది గోవిందమ్మ. యాభై దాటిన మనిషి, పెద్ద గొంతు. కిటికీ పక్కన కూర్చున్న పెద్దమనిషి చేతిలో ఒక పండు పెట్టి, “తిని చూడు నాయినా, తియ్యగ లేకుంటే నీ పైసలు నీకే” అంది. ఆయన ఇచ్చిన డబ్బులు రెండు కళ్లకూ అద్దుకుని కొంగున ముడేసింది. మిగతావాళ్లూ ఒకరి తర్వాత ఒకరు అలాగే మొదటి బేరం కానిచ్చారు. మహబూబ్‌నగర్‌లో బండి కాసేపు నిలబడుతుంది. అందరి దగ్గరా డబ్బులు పోగేసుకుని ఒకామె దిగి పరుగెత్తి, కౌంటర్‌లో అందరికీ హైదరాబాదు టికెట్లు తీసుకుని వచ్చింది.

నాకు విషయం సగం అర్థమైంది. మిగతా సగం గోవిందమ్మను అడిగాను.

“అక్కా, ఖాజా దగ్గర తీసుకోకుంట ఈడిదాంక వచ్చి టికెట్ తీసుకునుడేంది?”

ఆమె నన్ను జాలిగా చూసింది. “బోణీ గాకముందే చేతిలకెల్లి పైసలు ఇడుస్తరా సారూ? పొద్దుగాల్నే చెయ్యి ఖాళీ అయితే దినమంత గట్లనే అయితది.”

“మధ్యల టీసీ పట్టుకుంటే?”

“పట్టుకోనీ. ఆయిననే బోణీ జెయ్యుమంట. గా పైసలతోనే టికెట్టు కొట్టుమంట.” గంపల వాళ్లంతా నవ్వారు.

స్టాపేజీ సంగతి చెప్పాను. మహబూబ్‌నగర్‌లో తీసుకున్న టికెట్టు మహబూబ్‌నగర్ లెక్కలోకే పోతుందనీ, మీ ఊళ్లో ఎవరూ ఎక్కడం లేదని రైల్వే అనుకుంటోందనీ చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

“రైలు ఒక్కటే, సర్కారు ఒక్కటే. ఏ కిటికీల ఏసినా పైసలు వాళ్లకే గదా ముట్టేది?”

“స్టేషన్‌కో లెక్క అక్కా.”

“గా లెక్క ఉన్నదని మాకెవరు జెప్పిన్రు?”

గంప మీది ఆకులు సర్దుతూ ఆమే మళ్లీ అంది. “ఈ బండి లేనప్పుడు కాయలు కొనే సేటు లారీ కోసం సూసేటోళ్లం. కన్నిచ్చిన కాయ రెండు దినాలు ఆగదు. గా సంగతి సేటుకు మాకన్న ఎక్కువ ఎరుక. పొద్దంత రాడు. పొద్దుగూకినంక, కాయ మెత్తవడ్డంక వస్తడు. అప్పుడు బేరం ఆడేది ఆయినే, ఒప్పుకునేది మేమే. స్టాపు తీసేస్తే మళ్ల గదే బతుకు సారూ.”

నాకు మంచి వార్త దొరికింది. కానీ రాయడం కుదరదు. ఆ ఊరి జనం నిజంగానే రైలు ఎక్కుతున్నారని రుజువు చేయాలంటే, మహబూబ్‌నగర్ దాకా వాళ్లు టికెట్ లేకుండా వస్తున్నారని కూడా రాయాలి. మర్నాడే టికెట్ల తనిఖీ స్క్వాడ్ దిగుతుంది. ఆ సాయంత్రం ఫ్యాక్స్‌లో వేరుశనగ ధర పంపి ఊరుకున్నాను. ఖాజాకు మాత్రం చెప్పాను.

అతను తల పట్టుకున్నాడు. తర్వాత ఒక ఉపాయం తీశాడు. మర్నాడు ప్లాట్‌ఫారం మీదే ఒక్కో గంప నుంచి ఒక్కో పండు తనే కొంటానన్నాడు. బోణీ అయిపోతుంది కదా, ఆ డబ్బుతో టికెట్ తీసుకోవచ్చు కదా అని. ఆడవాళ్లు ఒప్పుకోలేదు.

“నీ చెయ్యి అచ్చొస్తదని ఏం నమ్మకం ఖాజన్నా? నీ చేతి టికెట్టు తీసుకున్నోళ్లకు బండి ఎన్నడన్న టయానికి వచ్చిందా?” అంది గోవిందమ్మ.

“బండి ఆలస్యమైతే నా తప్పా?”

“మరి ఎవరిది? గీడ రైలు తరఫున కూసున్నది నువ్వే గదా!”

మాట అక్కడే ఆగిపోయింది. ఇంకో రెండు రోజులకు కమర్షియల్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. స్టేషన్ల రాబడి, టికెట్ అమ్మకాలు చూసే అధికారి. సన్నగా, తెల్ల చొక్కాతో, చంకలో ఫైలుతో దిగాడు. వస్తాడని తెలిసి నేనూ వెళ్లాను. ఆయన గంపల్ని చూశాడు, ఖాళీ కిటికీని చూశాడు.

“ఇంతమంది ఉన్నారు. టికెట్లు ఎందుకు తెగడం లేదు?” అని ఖాజాను అడిగాడు.

ఖాజా నావైపు చూశాడు. నేను పట్టాలవైపు చూశాను. మధ్యలోకి గోవిందమ్మ వచ్చింది, అరచేతిలో కన్నిచ్చిన పండుతో.

“సారూ, జర బోణీ జెయ్యి.”

“వద్దమ్మా, డ్యూటీలో ఉన్నాను.”

“ఊకెనే తీసుకోమంటున్ననా? కొనుక్కో. నువ్వు కొంటెనే టికెట్టు తెగుతది.”

ఆయన ఏమనుకున్నాడో, జేబులోంచి నోటు తీసి ఇచ్చాడు. ఆమె కళ్లకద్దుకుని, ఆ నోటుతోనే నేరుగా ఖాజా కిటికీ దగ్గరికి నడిచింది. అది చూసి రెండో ఆమె లేచింది, “సారూ, నాది!” అంటూ. తర్వాత మూడో ఆమె. ఎవరి గంప బోణీ వాళ్లదే. ఫైలు నా చేతికి వచ్చింది. ఇన్‌స్పెక్టర్ రెండు చేతుల్లో, చంకలో, ఆఖరికి ఆయన చేతిరుమాలులో కూడా సీతాఫలాలే. కిటికీ దగ్గర వరుస కట్టారు. ఖాజా టికెట్లు ఇస్తూ ఇస్తూ చెమట తుడుచుకున్నాడు.

బండి వెళ్లిపోయాక ఆయన సిమెంటు బెంచీ మీద పండ్లు పోసి కూర్చున్నాడు. “మహబూబ్‌నగర్‌లో పొద్దుటి పూట గుంపుగా టికెట్లు ఎందుకు తెగుతున్నాయా అనుకునేవాణ్ని” అన్నాడు మెల్లగా. అంతకు మించి అడగలేదు. ఒక పండు విప్పి తిన్నాడు. “నేను మనుషుల్ని చూశానని రాస్తే పైన నమ్మరు. గడువులోపు కిటికీ లెక్కలో కూడా కనిపించాలి” అని ఖాజాతో అన్నాడు.

ఆ రోజు గంపలన్నీ తొందరగా ఖాళీ అయ్యాయట. ఆడవాళ్లకు ప్లాట్‌ఫారం బోణీ మీద నమ్మకం కుదిరింది. మర్నాటి నుంచి ఇన్‌స్పెక్టర్ స్థానంలో ఖాజా కొంటుంటే కాదనలేదు. “కమీషన్ అంత పండ్లకే పోతుంది అన్నా. ఇంట్ల పిల్లలు అన్నం ముట్టుతలేరు” అనేవాడు, ఫిర్యాదులా కాకుండా. స్టాపేజీని పొడిగిస్తూ ఉత్తర్వు వచ్చింది. ‘ప్రయాణికుల ఆదరణ దృష్ట్యా’ అని మూడు వరుసల వార్త రాశాను. బోణీ మాట ఎక్కడా రాయలేదు.

సీతాఫలాల కాలం అయిపోవస్తుండగా గోవిందమ్మ గద్వాల సంతలో కనిపించింది. వ్యాపారం ఎలా ఉందని అడిగితే నవ్వింది. “సేటు ఇప్పుడు పొద్దు పొడవకముందే వస్తుండు సారూ. బండి వచ్చే యాళకు మా కాయ గట్టిగనే ఉంటది, తను రాకుంటే బండెక్కి పోతదని ఆయినకు ఎరుకైంది. మా పక్కింటి చిట్టెమ్మ ముసలిది, రైలెక్కలేదు. దానికి సుత ఈసారి మంచి ధర ఇచ్చిండు.”

అన్నేళ్లు స్టాపేజీల గురించి రాసినా నాకు ఆ సంగతి తట్టలేదు. బండి ఆగితే ఎక్కేవాళ్లకు మేలని మాత్రమే అనుకునేవాణ్ని. చిట్టెమ్మ ఎన్నడూ ఆ బండి ఎక్కలేదు, టికెట్టూ తీసుకోలేదు. అయినా అది ఆ ఊళ్లో ఆగిన నిమిషంలో ఆమె వాటా కూడా ఉంది. ఆ తర్వాత ఏ స్టాపేజీ గురించి రాయాల్సి వచ్చినా, ప్లాట్‌ఫారం మీది జనాన్ని చూశాక ఒకసారి ఊళ్లోకి కూడా నడిచి, రైలెక్కని వాళ్లను అడిగి వచ్చేవాణ్ని.