ఖాళీ కుండీలకు నీళ్ళు పోసిన ఏడాది

1926వ సంవత్సరం. రంగూన్‌లో ఒక దొరగారి బంగళాలో నేను మాలీని. మార్చిలో దొరసానిగారు సీమకు ప్రయాణమవుతూ వరండాలోని పన్నెండు బిగోనియా కుండీలు నాకు అప్పగించారు. ఓడ మీద తెప్పించుకున్న దుంపలవి. మా పనిలో వాటిని ట్యూబర్లంటారు.

"నవంబరులో వస్తాను. అప్పటికి ఇవి బతికుంటేనే నీకిక్కడ పని" అన్నారు.

బంగళా వెనక గదిలో నా భార్య పైడమ్మకు నెలలు నిండి ఉన్నాయి. పని పోతే ఆ గదీ పోతుంది.

ఆవిడ ఓడెక్కిన పది రోజులకే ఆకులు పండి రాలసాగాయి. దాహమేమోనని రెండు పూటలా నీళ్ళు పోశాను. పైగా మా బట్లరు రోజూ పొద్దున్నే కుండీల్లో వేలు పెట్టి చూసేవాడు. మట్టి పొడిగా తగిలిందా, మాలీ సోమరి కింద లెక్క. చివరకు కాడలు కూడా ఊడిపడ్డాక ఒక కుండీ తవ్వి చూశాను. దుంప కుళ్ళి కంపు కొట్టింది. రెండోదీ అంతే.

ఆ ఆదివారం పైడమ్మను చూడడానికి ఊళ్ళోనే ఉన్న అహ్లోన్ పేట నుంచి వాళ్ళ పిన్ని నారమ్మత్త వచ్చింది. రైసుమిల్లులో ధాన్యం ఆరబోసే పని ఆమెది. నేను తల పట్టుకుని కూర్చోవడం చూసి, మూడో కుండీలో చెయ్యి పెట్టి దుంపను నొక్కి చూసింది.

"ఏటి అల్లుడా, దీనికి నీళ్ళెందుకు పోస్తన్నావు? ఇది సచ్చిపోనేదు, తొంగుంది, నిద్దరోతంది. మనూర్లో పసుపు దుంపలు ఇత్తనానికి దాసుకోమేటి?"

"నీళ్ళు మానేస్తే బట్లరు ఊరుకుంటాడా అత్తా?"

"ఆడికి తడి మట్టే గదా గావాల? మట్టికి పోసుకో. దుంపలు నాకియ్యి."

మిగిలిన పదీ తువ్వాలలో చుట్టి ఇచ్చాను. బంగళా సొత్తు గేటు దాటితే దొంగతనమే. బట్లరు వస్తున్నాడేమోనని చుట్టూ చూశాను. అత్త మాత్రం కూరలు కొన్నదానిలా మూటను చంకన పెట్టుకుని దర్జాగా నడిచిపోయింది.

తన గదిలో పొయ్యి పైనున్న అటక మీద, మిల్లు నుంచి తెచ్చిన ఊక బూడిదలో వాటిని పాతిపెట్టింది. వానాకాలంలో రంగూన్ గోడలకే బూజు పడుతుంది. ఆ పొయ్యి సెగకు దుంపలు పొడిగా పడుకున్నాయి. నేనేమో ఇక్కడ రోజూ ఖాళీ కుండీలకు నీళ్ళు! బట్లరు వేలు పెట్టి చూసి "భేష్" అనేవాడు. మొక్కలేవంటే "లోపలున్నాయండీ" అనేవాణ్ణి. ఇంత బుద్ధితక్కువ పని నా జన్మలో మళ్ళీ చెయ్యలేదు.

వానలు వెనకపట్టాక అత్త కబురంపింది. దుంపల నెత్తిన గులాబీరంగు మొలకలు వచ్చాయట. పదింటిలో తొమ్మిది లేచాయి. దుంపకు గుంట ఉన్న వైపు పైకి ఉండేలా మళ్ళీ నాటాను. దొరసానిగారు వచ్చేసరికి ఆకులు విప్పాయి, క్రిస్మస్‌కు పూశాయి.

"మా దేశంలోనే ఇవి నాకు సగం చచ్చిపోతాయి. నీకేం కావాలో అడుగు" అన్నారావిడ.

మూట గేటు దాటిన సంగతితో సహా నిజమంతా చెప్పేశాను. ఆ పూలను మా అత్తకు చూపించనివ్వమని అడిగాను. ఆవిడ నవ్వి సరేనన్నారు.

నారమ్మత్త మా పసిపిల్లను ఎత్తుకుని వరండా మెట్లెక్కింది. అరచేతంత ఎర్రపువ్వు ముందు చాలాసేపు నిలబడింది. "ఓలమ్మో, ఎంత పువ్వో!" అని, నా చెవిలో మెల్లగా, "మరి దుంప కూరకి పనికిరాదేటి?" అంది.

ఏ మొక్క ఆకు రాల్చినా నేను ముందు నీళ్ళడబ్బా కింద పెడతాను. ఆ బుద్ధి ఆమె పెట్టినదే. ఆమె చలవతో మా గది నిలిచింది. ఆ గదిలో పుట్టిన నా కూతురి పేరు నారమ్మ.