గేటు ముందు పికప్

పికప్ అనేది ఇంగ్లీషు మాటని భిక్షానికి ఎప్పుడూ అనిపించలేదు. షేక్‌పేటలో పుట్టి, పదిహేనేళ్లు ఫిల్మ్ నగర్‌లో ప్రొడక్షన్ వ్యాన్ నడిపాడు. బండి ఎత్తు ఎక్కకపోతే పికప్ లేదంటాడు. మొదటి వారం ఈగలు తోలిన సినిమాకి తర్వాత జనం వస్తే పికప్ అయిందంటాడు. పొద్దున్నే ఆర్టిస్టులను ఇళ్ల దగ్గర ఎక్కించుకోవడం సరేసరి, అదే అతని బతుకుతెరువు. ఆ పికప్‌కో మర్యాద ఉంది. గేటు దగ్గర హారన్ కొట్టకూడదు, ఫోన్ చేయకూడదు. వాళ్లు వచ్చేదాకా ఆగాలి.

హైటెక్ సిటీలో అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో ఆ ప్రొడక్షన్ ఆఫీసు మూతపడింది. భిక్షం ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాబ్‌లో చేరాడు. మొదటి రోజే జూబ్లీహిల్స్‌లో ఆ కంపెనీ ఉద్యోగిని లాస్య ఇంటి ముందు సుమో ఆపి, అలవాటు ప్రకారం గమ్మున కూర్చున్నాడు. లోపల లాస్య బ్యాగు భుజాన వేసుకుని, క్యాబ్ డ్రైవర్లందరూ ఇచ్చే మిస్డ్ కాల్ కోసం చూస్తోంది. విసుగొచ్చి బయటికొస్తే బండి గేటు ముందే ఉంది.

"ఎంతసేపైందన్నా వచ్చి?"

"చాన సేపయింది మేడమ్."

"మరి ఫోన్ చెయ్యలేదేంటి?"

"పెద్దోళ్ల ఇండ్ల ముంగట లొల్లి చెయ్యొద్దు గద!"

"నేనేమన్నా హీరోయిన్నా?"

"నాకేమెరుక? గీ గేటు జూస్తే చెయ్యి హారన్ మీదికి పోలే."

దారిలో ఎక్కాల్సిన ముగ్గురికీ ఆలస్యమైంది. ఆఫీసులో ట్రాన్స్‌పోర్టు చూసే కాశీవిశ్వనాథం చెయ్యి చాచాడు.

"తాళాలిలా ఇవ్వవయ్యా. రేపట్నుంచి రానక్కర్లేదు."

భిక్షం తాళాలు గుప్పిట్లోనే పట్టుకున్నాడు. ఇంట్లో భార్య ఎల్లమ్మకు ఏం చెప్పాలి?

"సార్, సినిమాకైతే రెండో వారం దాక చూస్తరు. నన్ను రెండో రోజు గూడ చూడరా?"

లిఫ్ట్ దాకా వెళ్లిన లాస్య వెనక్కొచ్చింది.

"ఆయన టైముకే వచ్చారండీ. కిటికీలోంచి ఓసారి చూస్తే సరిపోయేది, నేను చూడలేదు. లేటు నా పేరు మీద రాసుకోండి."

కాశీవిశ్వనాథం ఆమెను చూశాడు, భిక్షాన్ని చూశాడు. చాచిన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"పో, సాయంత్రం డ్రాపులున్నాయి."

థ్యాంక్స్ చెప్పడం భిక్షానికి చేతకాదు. లాస్య వెనకాలే నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. ఆ క్యాబ్ మీద అతని ఇల్లు చాలా ఏళ్లు నడిచింది. అందరినీ మేడమ్ అనే మనిషి ఆమెను మాత్రం మా లాస్యమ్మ అంటాడు.