తీరిపోయిందన్నాను

మధ్యాహ్నం మూడింటికి కొండ మీది పటాలం పోస్టుకు చేరాం. రాళ్ళు, మంచు, గాలి. చెట్టన్నది లేదు. నా వీపున బెడ్డింగు, చేతిలో పనిముట్ల పెట్టె, కాళ్ళకు ఒక సైజు పెద్ద బూట్లు. సుబేదారు హిందీలో ఆర్డరు ఇచ్చాడు. "బండి ఆగితే పై పోస్టువాళ్ళకు నీళ్ళుండవు. బండి బాధ్యత నీది."

బండి అంటే పాత పికప్పు. నేను పుట్టకముందే ఒక యుద్ధం చూసొచ్చింది. కింద వాగు దగ్గర డ్రమ్ములు నింపుకొని, ఏడు మలుపులు ఎక్కి, పై పోస్టుకు నీళ్ళు చేర్చాలి. పొద్దున ఒక ట్రిప్పు, మధ్యాహ్నం ఒక ట్రిప్పు.

మా సింగానల్లూరు టీ కొట్టులో మీకు ఈ కథ చెప్పినప్పుడు అవి ఇరవై ఏడు మలుపులు. నెత్తి మీద శత్రువు గుండ్లు. గుండ్లు లేవు. అక్కడ నేను విన్న పెద్ద పేలుడు మా వంటవాడి కిరసనాయిలు స్టవ్వుది.

డ్రైవరు గుంటూరు వైపువాడు. నాకంటే చిన్న. నేను కోయంబత్తూరు మిల్లు మోటారు షెడ్డులో పని నేర్చుకుని పటాలంలో మెకానిక్కుగా చేరినవాణ్ణి. మాకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మొదటిరోజే నా మాట విని అతను పడీ పడీ నవ్వాడు.

"వా తంబీ, కూచో. సాపాటు అయిందా?" అన్నాను.

"అన్నా, నువ్వు మాట్టాడేది తెలుగేనా? తెలుక్కి జలుబు చేసినట్టుంది."

"నాలుగు నూర్ల ఏండ్లుగా కాపాడి పెట్టుండాము రా. మీరే చెడగొట్టుకుండారు."

అతనికి ఒకటే ఆశ. సర్వీసు ముగిశాక ఊళ్ళో బస్సు డ్రైవరు కావాలి. పటాలంవాళ్ళు డ్రైవింగు బాగుందని రాసిస్తే చాలు, బస్సు ఓనరు ఉద్యోగం ఇస్తానన్నాడు. ఆ బస్సు రంగు నాకు రోజూ చెప్పేవాడు.

చలి ముదిరాక పికప్పుకు కొత్త జబ్బు పట్టుకుంది. యాక్సిలేటరు తొక్కితే ఇంజను వెంటనే అందుకోదు. ఒక్క క్షణం నోరు మూసుకుంటుంది. తరువాత ఉలిక్కిపడి లాగుతుంది. చదును మీద పరవాలేదు. ఆఖరి మలుపులో మాత్రం, నీళ్ళ బరువుకు బండి వెనక్కి జారడానికి ఆ క్షణం చాలు.

స్క్రూడ్రైవరు చెవికి ఆనించి, కళ్ళు మూసుకొని రోగం పేరు చెప్పేశానని మీకు చెప్పాను. అబద్ధం. అందరిలాగే వెతికాను. ప్లగ్గులు విప్పి తుడిచాను. పాయింట్ల సందు చూశాను. పెట్రోలు ఫిల్టరు కడిగాను. జబ్బు అలాగే ఉంది. మూడో రోజు ఎయిర్ ఫిల్టరు తీసి, ఇంజను ఆపి, కార్బురేటరు గొంతులోకి చూస్తూ యాక్సిలేటరు కడ్డీని చేత్తో లాగాను. లాగిన వెంటనే పెట్రోలు సన్నగా చిమ్మాలి. చిమ్మలేదు. చొల్లు కారినట్టు కారింది.

దొరికింది. లోపల ఒక చిన్న పంపు ఉంటుంది. దానికి సైకిలు పంపులో ఉండేలాంటి తోలు వాషరు. అది ఎండి ముడుచుకుపోయింది. కొత్తది లేదు. నూనెలో నానబెట్టాను. మెత్తబడింది. నిదానంగా పెట్టి ఉంటే కొన్నాళ్ళు నడిచేది. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఇంతలో వంటవాడు రమ్ము పోస్తున్నానని కేక వేశాడు. తొందరలో వాషరును వేలితో తోశాను. అంచు చిరిగింది. అలాగే మూత బిగించాను.

డ్రైవరు వచ్చాడు. "ఏందన్నా, తీరిందా?"

"తీరిపోయింది," అన్నాను.

మా ఇళ్ళలో బియ్యం అయిపోతే తీరిపోయిందంటాం. వాషరు పని అయిపోయింది, ఇక అది లేదు అని నా మాటకు అర్థం. అతని తెలుగులో జబ్బు నయమైందని అర్థం. రెండు తెలుగులు కొట్టుకుంటే బండి లోయలో పడిందని ఇన్నేళ్ళూ మిమ్మల్ని నవ్వించాను. బండి లోయలో పడలేదు. అదీ నేను కలిపిందే.

అసలు సంగతి ఇది. ఆ మాట అనగానే అతని మొహం వెలిగింది. ఎలా అర్థం చేసుకున్నాడో నాకు ఆ నిమిషమే తెలిసింది. ఇంకొక్క మాట చెబితే సరిపోయేది. రమ్ము గ్లాసు కోసం నడిచాను.

మర్నాడు పొద్దున వైర్‌లెస్ గుడారంలో ఉన్నాను. పై పోస్టు నుంచి పిలుపు.

"బండి జారింది. మనుషులు క్షేమం. డ్రమ్ములు పోయాయి. ఓవర్."

వెనక చక్రం అంచున ఉన్న రాయికి తగిలి ఆగిందట. పైవాళ్ళు ఆ రోజు మంచు కరిగించుకుని తాగారు.

సుబేదారు మా ఇద్దరినీ నిలబెట్టాడు. "కార్బురేటరు?" అని నన్నడిగాడు.

"బాగుంది, సాబ్."

"మరి?"

"కాలు బరువు, సాబ్. గట్టిగా తొక్కుతున్నాడు."

డ్రైవరు నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. బళ్ళో వాత్యారు ముందు నిలబడ్డ పిల్లవాడిలా చూశాడు.

బంకరులోకి వచ్చాక, "ఎట్టా తొక్కాలన్నా?" అని అడిగాడు.

ఖాళీ పాలపొడి డబ్బా ఒకటి బోర్లించాను. "దీని మింద కాలు పెట్టు తంబీ. శబ్దం రాకుండా మెల్లంగా అదుము."

డబ్బా అడుగు నొక్కితే టక్కుమనేది. మంచం మీద కూర్చుని నొక్కేవాడు. టక్. మళ్ళీ టక్.

నేను వైర్‌లెస్ మనిషి దగ్గరకు పోయి, కింది డిపో నుంచి వాషరు తెప్పించమన్నాను. అతను మలయాళీ. "అంతా బాగుందన్నావు గదా?" అని తమిళంలో అడిగాడు.

"స్పేరు చేతిలో ఉంటే మంచిది, చేట్టా."

అతను హెడ్‌ఫోను పెట్టుకుని డిపోను పిలిచాడు.

వాషరు వచ్చేలోగా బండి ఇంకో రెండుసార్లు జారింది. సుబేదారు డ్రైవరును స్టీరింగు నుంచి దించేశాడు. డ్రైవింగుకు పనికిరాడని అతని రికార్డులో రాశాడు. అప్పటి నుంచి అతను వీపు మీద డబ్బాలతో నీళ్ళు మోశాడు. బస్సు రంగు గురించి మళ్ళీ మాట్లాడలేదు.

తరువాతి కాన్వాయిలో వాషరు వచ్చింది. ఎవరూ చూడకుండా వేశాను. కొత్త డ్రైవరు ఎక్కాడు. బండి ఒక్క తొక్కుకు ఆఖరి మలుపు దాటింది.

"చూశారా, కాలిదే తప్పు," అన్నారు అందరూ.

నా మరమ్మతే నా అబద్ధానికి సాక్ష్యం చెప్పింది. నేను తల ఊపాను.

సర్వీసు ముగిసి నేను కొండ దిగే రోజు అతనే నా పెట్టె మోసి లారీలో పెట్టాడు.

"పోయేసి వస్తా తంబీ."

"నువ్వు నేర్పావన్నా. నా కాలికే రాలేదు," అన్నాడు.

కోయంబత్తూరు స్టేషనులో దిగేసరికి మిల్లు సైరను మోగుతోంది. వారం తిరక్కముందే, మిల్లులో నూలు మూటలు మోసే పాత పికప్పు అదే నత్తితో మా షెడ్డుకు వచ్చింది. వాషరు తీసి, మర్నాటిదాకా నూనెలో నానబెట్టి, నిదానంగా పెట్టాను. మేస్త్రీ మామ నా వీపు తట్టాడు. "పట్టాళం చెయ్యి రా ఇది! ఎట్ల కనుక్కుంటివి?" స్క్రూడ్రైవరు చెవికి ఆనించి చూపించాను. మీరు విన్న కథ అక్కడ మొదలైంది.

అతని ఊరి పేరు నాకు తెలుసు. ఒక్క కార్డు రాయలేదు. అప్పట్లో తెలుగు రాయడం రాదన్నది సాకు. తరువాత నేర్చుకున్నాను. అప్పుడూ రాయలేదు.

స్టీరింగు నుంచి దించేశాక కూడా, నీళ్ళు మోసి వచ్చి, బూటు విప్పి, మంచం కింద నుంచి ఆ డబ్బా లాక్కునేవాడు. ఉన్ని మేజోడులో పాదం. బొటనవేలి దగ్గర చిరుగు. ఊపిరి బిగబట్టి అదిమేవాడు. ఒకరోజు శబ్దం రాలేదు. తలెత్తి, చూశావా అన్నా అన్నట్టు, నా వైపు చూసి నవ్వాడు.