టీ అంగడి దగ్గర నిలబడిన మా అకౌంట్స్ మేడమ్

మా అకౌంట్స్ మేడమ్ పోయారు. సోమవారం పొద్దున నా జిరాక్స్ అంగడి షట్టర్ ఎత్తుతుంటే కాలేజీ అటెండరు వచ్చి, "అక్కా, మేడమ్ గుండెపోటుతో పోయినారంట" అన్నాడు. అప్పటి నుంచి చేతులు పని చేస్తున్నాయి గానీ మనసు కుదురుగా లేదు. ఒకరి పేజీలు ఇంకొకరికి ఇచ్చేస్తున్నాను.

డిగ్రీలో ఆమె దగ్గర చదివినదాన్ని. ఆడపిల్లకు అంగడేమిటని ఇంట్లో గొడవైతే, "కాలేజీ గేటు ఎదురుగా జాగా చూసుకో మే, గిరాకీ అదే వస్తాది" అన్నది ఆమే. జిరాక్సులయ్యేదాకా నా స్టూలు మీద కూర్చుని, వచ్చిన పిల్లల లెక్కలు పెన్సిల్‌తో దిద్దేవారు.

మీ ఊర్లో ఎలాగో తెలీదు గానీ, ఇక్కడ కాలేజీ నడిచేది నా పక్కనున్న టీ అంగడి దగ్గరే. సాయంత్రం మగ లెక్చరర్లు అక్కడ చేరతారు. ఎవరికి ఏ క్లాసు, సెమినార్‌కు ఎవరు పోవాలి, అన్నీ అక్కడే తేలతాయి. మరుసటి రోజు స్టాఫ్ మీటింగులో సంతకాలే. ఆడవాళ్ళు అక్కడ నిలబడరు.

కామర్స్ హెడ్ రిటైరైనప్పుడు ఆ పోస్టు సీనియారిటీ ప్రకారం మేడమ్‌కే రావాలి. పీహెచ్‌డీ ఉన్నదీ ఆమెకే. టీ తాగుతూ ఒక సారు అన్నారు: "ఆయమ్మకు ఎందుకప్పా ఈ తలనొప్పి? అత్త మంచంలో ఉండాది. మీటింగులకు యాడ తిరుగుతాది, పాపం!"

నేను వెళ్ళి మేడమ్‌కు ఆ మాట చెప్పాను. ఆమె నవ్వారు. "పాపమా? దాన్ని ఏ ఖాతాలో రాయాల మే?"

మరుసటి సాయంత్రం వచ్చి వాళ్ళ మధ్యలోనే నిలబడ్డారు. "నాకూ ఒక టీ ఇయ్యప్పా."

"లోపలికి పంపిస్తాం గదా మేడమ్!" అని ఆ సారు గాభరాపడ్డారు.

"లోపలికి టీ వస్తాది సార్, మాటలు రావు. మీటింగులకు నేను పోతా. హెడ్ పోస్టు నాకు కావాల."

ఆ వారమే సార్లంతా టీకి బస్టాండు హోటలుకు మారారు. పోస్టు ఒక జూనియర్ సారుకు పోయింది. ఎండలో అంతదూరం నడవలేక సార్లు మళ్ళీ ఇక్కడికే వస్తే, మేడమ్ టీ తాగుతూ కనబడ్డారు!

"పోస్టు రాలేదు గదా మేడమ్, ఇంకెందుకు ఇక్కడ నిలబడేది?" అన్నాను.

"నాకు రాలేదు. మన ఆడోళ్ళకు అడిగేది అలవాటు కావాల గదా."

ఆ జూనియర్ సారుకు ఈమధ్యే బదిలీ అయి, హెడ్ పోస్టు మళ్ళీ ఖాళీ అయింది. నిన్న సంతాప సభ అయ్యాక సార్లంతా టీకి వచ్చారు. వెనకే, మేడమ్ తర్వాత సీనియర్ అయిన లెక్చరరమ్మ వచ్చి, తనూ ఒక టీ తీసుకుని, అప్పుడు 'పాపం' అన్న సారు ఎదుట నిలబడింది.

"సార్, ఈసారి హెడ్ పోస్టు నాది. ముందే చెప్తాండా."

ఆ సారు రోడ్డు వైపు చూశారు. గాలికి దుమ్ము లేచింది. అందరూ గ్లాసుల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆమె పెట్టుకోలేదు. ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడింది.