నా ప్లాన్, వాడి అలలు

కరోనా రెండో ఏడాది వేసవి. మ్యూనిక్‌లో గదిలో కూర్చుని, ఏ కాలంలో ఏ తీరాన మంచి అలలొస్తాయో వెతికి వెతికి, నాకూ రూమ్మేట్ శ్రీకాంత్‌కూ సర్ఫింగ్ ట్రిప్ ప్లాన్ చేశాను. వేసవికి ఫ్రాన్స్, ఆకురాలే కాలానికి పోర్చుగల్. నా రెసిడెన్స్ కార్డు గడువు తీరిపోయింది, కొత్తదానికి ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకలేదు. "బార్డర్‌ల ఎవడాపుతడన్నా, రా" అన్నాడు శ్రీకాంత్.

ఆపారు. ఫ్రాన్స్ బార్డర్‌లో పోలీసులు గడువు తీరిన కార్డు చూసి, నన్నొక్కణ్ణే కారు దిగి వెనక్కి పొమ్మన్నారు. శ్రీకాంత్ నా ముఖం చూడకుండా, "ఏమనుకోకన్నా, రూములు బుక్కయినయ్ గదా. నువ్వు ట్రైన్‌ల వాపస్ పో" అని కారు పోనిచ్చాడు. సర్ఫింగ్ సూటు చంకలో పెట్టుకుని రోడ్డు పక్కన నిలబడిపోయాను.

వారం తర్వాత అల మీద నిలబడ్డ ఫొటో పంపి, "ప్లాన్ సూపరన్నా! పోర్చుగల్‌ల ఏ ఊరు పోవాలె?" అని అడిగాడు.

ఏ నెలలో ఎక్కడ అల లేస్తుందో చెప్పగలిగిన నాకు, పక్క సీట్లో కూర్చున్న మనిషి మాత్రం అర్థం కాలేదు.